లోపల వదిలిన గుడ్డ

మీరే చేశారు. ఇంకెవరి మీదకో నెట్టకండి. గేటు లోపల ఫ్యాను కింద కూర్చుని ములాఖత్ చీటీ మీద అడ్డగీత కొట్టిన మీరు. వాయిదా మీద వాయిదా వేసి భోజనానికి లేచిపోయిన మీరు. ఫ్యాక్టరీ తలుపుకి బయటినుంచి తాళం వేసి, ఆ తాళం తియ్యమన్నవాళ్ళ మీదే కేసు పెట్టిన మీరు. ఒక అక్కకీ తమ్ముడికీ మధ్య మిగిలిన ఒకే ఒక్క దారాన్ని ఎక్కడ తెంపాలో చూసి మరీ తెంపారు. తెంపినందుకు మీ మీద ఏ కేసూ లేదు. అందుకే ఈ సంగతి మొదట మీకు చెప్పాలి. మిగతావాళ్ళు పక్కన నిలబడి వింటారు.

అక్క బట్టలు కుడుతుంది. లోపలున్న తమ్ముడికి అక్క కాబట్టి జైలు గేటు దగ్గర అందరికీ అక్కే అయింది. ఇస్త్రీ దుకాణం పక్కన మెట్ల కింద ఒక మిషను, ఒక స్టూలు, గోడకి మేకు, మేకుకి టేపు. వంగితే తల మెట్టుకి తగులుతుంది. వంగకపోతే సూదిలో దారం కనపడదు. అంతకుముందు ఆవిడ, తాళం వేసిన ఆ చొక్కాల ఫ్యాక్టరీలోనే కాలర్లు కుట్టేది. తమ్ముణ్ణి పట్టుకుపోయిన వారం గేటు దగ్గర కార్డు లాక్కుని, ఇంక రావద్దన్నారు. ఎందుకని అడిగితే వాడి అక్కవి కదా, అది చాలన్నారు.

తమ్ముణ్ణి ఇంట్లో పొడుగోడు అంటారు. పేరు పెట్టి పిలిస్తే వాడే పలకడు. అమ్మ పోయేనాటికి వాడు మిషను బల్ల కింద దూరి ఆడుకునేంత ఉండేవాడు. ఆ తరువాత చూస్తుండగానే బల్లని దాటాడు, అక్కని దాటాడు, గుమ్మాన్ని దాటాడు. కొత్త బట్టలు కొనే ఇల్లు కాదది. అందుకని అక్క వాడి ప్యాంటు కుట్టినప్పుడల్లా కింద అంచులో మడిచి ఇంత గుడ్డ వదిలేది, నడుము వెనక కుట్టులో ఇంత వదిలేది. వాడు ఎదిగినప్పుడల్లా కుట్టు విప్పి కిందికి దించేది. దించిన చోట పాత మడత గీత పడి ఉండేది. వాడి ప్యాంట్ల నిండా ఆ గీతలే. స్కూల్లో పిల్లలు, ఒరేయ్ నీ ప్యాంటు ఎన్నో అంతస్తులో ఉందిరా అని ఏడిపించేవాళ్ళు. వాడు ఏడుస్తూ వస్తే అక్క నవ్వేది. బట్ట నిన్ను వదిలేసి పోవడం లేదురా, నీతో పాటు వస్తోంది, ఏడవకు అనేది.

అలా అలవాటైపోయింది. ఎవరి బట్ట కుట్టినా లోపల గుడ్డ వదలకుండా కోయడం ఆవిడ చేతికి రాదు. మనిషి ఇవాళ ఉన్నట్టే ఎప్పుడూ ఉంటాడా, లావవుతాడు, చిక్కుతాడు, బట్టలో దానికి చోటుండొద్దా అంటుంది. ఈ అలవాటు దగ్గరే కొంప మునిగింది. ఆ ముచ్చటకి వస్తాను.

పొడుగోడూ అదే ఫ్యాక్టరీలో గుడ్డ బేళ్ళు మోసేవాడు. పై అంతస్తు తలుపుకి షిఫ్టు అయ్యేదాకా బయటినుంచి తాళం ఉండేది, ఎవరూ మధ్యలో కిందికి దిగకూడదని. ఒకరోజు మిషన్ల మధ్య పొగ లేచింది. పెద్ద మంట కాదు. కానీ తాళం తీసే మనిషి టీకి వెళ్ళాడు. అతను వచ్చేలోపు కాజాలు కుట్టే అమ్మాయి ఊపిరాడక పడిపోయింది. బతికింది, మళ్ళీ పనికి రాలేకపోయింది. మర్నాడు అందరూ గేటు ముందు నిలబడ్డారు. అడిగింది ఒక్కటే, ఆ తాళం తియ్యండి అని. కార్మిక సంఘం పెద్దాయన మాట్లాడుతున్నాడు, వెనకనించి ఎవరో తోశారు, ఎక్కడినించో రాయి వచ్చింది, మేనేజరు కారు అద్దం పగిలి లోపల కూర్చున్నాయనకి నుదురు చిట్లింది. ఎవరు విసిరారో ఇవాళ్టికీ ఎవరికీ తెలీదు. పోలీసుల దగ్గర ఒక ఫోటో ఉంది. అందులో జనం తలలన్నీ కలిసిపోయాయి. ఒక్క తల మాత్రం అందరి పైన తేలి ఉంది. అదీ వాడి నేరం. ఎత్తుగా పుట్టాడు.

లోపల వేశాక కంపెనీ వకీలు ఒక కాగితం పట్టుకుని వాడి దగ్గరికి తిరగడం మొదలెట్టాడు. రాయి నేనే విసిరాను, విసరమన్నది సంఘం పెద్దాయన, అని అందులో ఉంది. సంతకం పెడితే వాడు బయటికి, పెద్దాయన లోపలికి. పెట్టకపోతే వాయిదాలు. ఆ వకీలుకి మాత్రం ఏ రోజైనా గేటు తెరుచుకునేది, చీటీ అక్కర్లేదు, వరస అక్కర్లేదు.

ములాఖత్ మంగళవారాలు. ఆ గది ఎలా ఉంటుందో వెళ్ళని వాళ్ళకి చెప్పాలి. మధ్యలో రెండు ఇనుప జాలీలు, ఆ రెండింటికీ నడుమ ఒక మనిషి నడిచేంత సందు. ఆ సందులో వార్డరు అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఇటువైపు వచ్చినవాళ్ళందరూ ఒకేసారి అరవాలి, అటువైపు వాళ్ళు ఒకేసారి బదులు అరవాలి. ప్రేమగా ఒక మాట చెప్పాలన్నా తగాదా పడుతున్నట్టే ఉంటుంది. పక్కన ఒక పెద్దమ్మ ఉండేది, బడిలో ఊడ్చే ఆవిడ. ఆవిడ మొగుడు లోపల ముసలివాడైపోయాడు. నేను మా ఆయనతో ఇంట్లో ఇంత ఓపిగ్గా ఎప్పుడూ మాట్లాడలేదే, ఈ జాలీ అడ్డం ఉండబట్టి కాపురం నిలబడింది అనేది. అక్కకి ఆ గదిలో నవ్వు వచ్చింది ఆవిడ మాటలకే.

బావ, అంటే అక్క మొగుడు, నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. అతను ములాఖత్‌కి వచ్చేవాడు కాదు. వాణ్ణి జాలీ వెనక చూస్తే నా వల్ల కాదు అని ఒకసారి అన్నాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బదులుగా అక్క చేత కబురు పంపేవాడు. కరెంటు స్తంభాన్ని పడుకోబెట్టడానికి ఆ జైలు వాళ్ళు గోడేమైనా పగలగొట్టారేమో కనుక్కో, అనేవాడు. అక్క ఆ మాట జాలీలోంచి అరిచేది. పొడుగోడు అటునుంచి, కాళ్ళు పక్కవాడి మీద, పక్కవాడి కాళ్ళు నా మీద, బావని వచ్చి మధ్యలో పడుకోమను అని అరిచేవాడు. సందులో తిరిగే వార్డరు కూడా నవ్వు ఆపుకోడానికి మూతి బిగించుకునేవాడు.

కానీ వాడు చిక్కిపోతున్నాడు. మనిషిని చూడగానే కొలత తెలిసిపోవడం ఈ పనిలో ఉన్న శాపం. వాడు ప్యాంటు జారకుండా ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడటం అక్క చూసింది. రెండు జాలీల అవతల కూడా ఆవిడ కళ్ళు వాడి నడుము చుట్టూ టేపు తిప్పేశాయి. ఆ రోజు వాడు జోకులు వెయ్యలేదు. జాలీకి దగ్గరగా వచ్చి అడిగాడు.

"అక్కా, నా వల్ల కావడం లేదు. సంతకం పెట్టెయ్యనా?"

అక్క జాలీకి ఇంకా దగ్గరగా జరిగింది. పెట్టొద్దు అనడానికి తను ఎవరు, లోపల పడుకునేది తను కాదు కదా. పెట్టు అంటే పెద్దాయన మొహం ఎలా చూడాలి. కాజాల అమ్మాయి పడిపోయినప్పుడు తలుపు మీద భుజం వేసి గుద్దింది ఆ పెద్దాయనే. చుట్టూ గోల. ఆలోచించే వ్యవధి లేదు, వార్డరు టైము అయిందని కర్రతో జాలీని కొడుతున్నాడు. గొంతు చించుకుని అరిచింది.

"నేను వస్తున్నంత కాలం పెట్టకు. ప్రతి మంగళవారం వస్తాను. నేను రావడం మానేసిన రోజు నీ ఇష్టంరా."

వాడు తల ఊపాడు. మొహంలో కాస్త వెలుగు వచ్చింది. ఎంత కాలం అని అడిగితే ఎవరూ చెప్పలేని చోట, వచ్చే మంగళవారం దాకా అని కొలత పెట్టింది అక్క. అంతవరకైతే మనిషి పట్టుకుని వేలాడగలడు.

ఆ మాట వాడొక్కడే వినలేదు. ఆ గదిలో ఏ మాటా ఒక్కడి చెవిన పడదు. సందులో నడిచేవాడు విన్నాడు, బల్ల దగ్గర కూర్చున్నవాడు విన్నాడు. విన్న మాట ఎక్కడికి చేరాలో అక్కడికి, కంపెనీ వకీలు దాకా చేరింది.

అక్క ఇంటికి రాగానే గుడ్డ పరిచింది. బూడిద రంగు, గట్టి నేత, ఉతికితే సాగనిది. జైలు గోడ మీద రాసిన షరతులన్నీ ఆవిడకి నోటికి వచ్చు. నాడా ఉండకూడదు, జేబు ఉండకూడదు, లోపలి వైపు అస్తరు గుడ్డ ఉండకూడదు, గట్టి గుండీ ఉండకూడదు. అన్నీ పాటించింది. నడుముకి ఎలాస్టిక్ వేసింది. జేబులు మానేసింది, జేబు లేని ప్యాంటు కుడుతుంటే బొటనవేలు లేని చెయ్యి గీస్తున్నట్టు ఉందని బావతో అంది కూడా. వాడు ఇప్పుడున్న సన్న నడుముకి సరిపోయేట్టు కుట్టింది. కుట్టి, వెనక కుట్టు లోపల ఇంత గుడ్డ వదిలింది. వాడు బయటికి వచ్చి నాలుగు ముద్దలు తిన్నాక విప్పి వదులు చెయ్యాలి కదా. అంచులోనూ మడిచి వదిలింది. వాడి వయసుకి ఇంకా ఎదిగేది ఏముందని ఎవరైనా అడగొచ్చు. ఆ చెయ్యి అలాగే కోస్తుంది. అది షరతులకి అడ్డం వస్తుందని ఆవిడకి తట్టను కూడా లేదు. చేప తను తడిగా ఉన్నానని చూసుకుంటుందా.

బట్టల కిటికీ దగ్గర ఉండే మనిషికి అందరూ పెట్టిన పేరు కళ్ళజోడు. కళ్ళజోడు ప్యాంటు తీసుకుని వేళ్ళతో కుట్టు పొడుగునా తడుముకుంటూ పోయాడు. వెనక కుట్టు దగ్గర ఆగాడు. మళ్ళీ తడిమాడు. ఇక్కడ మందంగా ఉందేంటి అన్నాడు. అక్క తొణక్కుండా, లోపల గుడ్డ వదిలానండీ, తరువాత విప్పుకోడానికి అంది.

విప్పుకోడానికి అన్న మాట చాలింది. కళ్ళజోడు లోపలికి పిలిచాడు, ఇంకొకడు వచ్చాడు, బ్లేడు పెట్టి కుట్టు చీల్చారు. లోపల ఏముంటుంది. గుడ్డ ఉంది. అంచు చీల్చారు. అక్కడా గుడ్డే. ఏమీ దొరకనందుకు ఊరుకోవాలి కదా, వాళ్ళకి ఇంకా అనుమానం పెరిగింది. ఇవాళ ఖాళీగా పంపి చూసింది, రేపు ఇందులో ఏదో పెట్టి పంపుతుంది అన్నారు. దాచే చోటు తయారుచేసిందని రాసుకున్నారు. అక్క ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. అయ్యా, ఊళ్ళో ఏ ప్యాంటు అయినా విప్పి చూడండి, మీరు తొడుక్కున్న ప్యాంటు వెనక కుట్టు చూసుకోండి, అందులోనూ గుడ్డ ఉంటుంది అంది. అది ఇంకా తప్పయిపోయింది. యూనిఫారం వేసుకున్నవాణ్ణి ప్యాంటు చూసుకోమంటావా అని పెద్ద రభస చేశారు.

ఒక్కమాట లోపలున్నవాణ్ణి అడిగి ఉంటే సరిపోయేది. మీ అక్క కుట్టులో గుడ్డ ఎందుకు వదులుతుందిరా అని. వాడు నవ్వి చెప్పేవాడు. అడగలేదు. అడిగితే తేలిపోతుంది కాబట్టే అడగలేదు.

పై నుంచి ఆర్డరు వచ్చేదాకా ములాఖత్ బంద్ అన్నారు. ఎప్పుడొస్తుంది ఆ ఆర్డరు అంటే వచ్చినప్పుడు అన్నారు.

అక్కకి అసలు దెబ్బ తెలిసింది ఆ క్షణం కాదు. బయటికి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చున్నాక. నేను రావడం మానేసిన రోజు నీ ఇష్టం అని తన నోటితో తనే అరిచిన మాట గుర్తొచ్చింది. పెద్దమ్మా, వాడు నేను మానేశాననుకుంటాడు అంది. పెద్దమ్మ ఈసారి జోకు వెయ్యలేదు.

అక్క కళ్ళజోడు దగ్గరికి తిరిగి వెళ్ళి బతిమాలింది. లోపలికి రానివ్వొద్దు, నన్ను చూడనివ్వొద్దు, మీ అక్క వచ్చింది, మేమే ఆపాం అని ఒక్క ముక్క వాడికి చెప్పండి చాలు అంది. అతను, ఇది కబుర్లు మోసే ఆఫీసు కాదమ్మా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఉత్తరం వేసింది. చదివి ఇస్తాం అన్నారు, చదవడానికి వాళ్ళకి తీరిక దొరకలేదు. ప్రభుత్వం వాడికి పెట్టిన వకీలు ఫోను ఎత్తడు, వాయిదా రోజున తప్ప వాడి మొహం చూడడు, ఆ రోజైనా ఏ కేసో కాగితాలు తిప్పి చూసుకోవాలి. జైళ్ళ పెద్ద ఆఫీసుకి వెళ్తే, జైలులో అడగండి అన్నారు. జైలులో అడిగితే, పెద్ద ఆఫీసు అన్నారు. అక్క చెప్పులు అరిగాయి, మిషను మీద బట్టలు పేరుకుపోయాయి, ప్యాంటు పొట్టి చెయ్యమని ఇచ్చినవాళ్ళు వచ్చి విసుక్కుని పట్టుకుపోయారు.

అయినా మంగళవారం మంగళవారం వెళ్ళింది. గేటుకి ఎదురుగా గోడ నీడ పడే చోట నిలబడేది. వస్తానన్నాను, వచ్చాను అని తనకి తను చెప్పుకునేది. గోడ అవతల వాడికి ఆ మాట ఎలా చేరుతుందో తెలీదు. చేరకపోయినా నిలబడటం మానలేదు. ఎండ పడితే కొంగు కప్పుకుంది, వాన పడితే గోడకి అతుక్కుంది. కళ్ళజోడు కిటికీలోంచి చూసేవాడు. చూసి తల తిప్పుకునేవాడు. వచ్చిందని అతనికి తెలుసు. ఆ జైలులో అందరికీ తెలుసు, ఎవరికి తెలియాలో వాడికి తప్ప.

బావ ఒక పూట కూడు ముందు కూర్చుని అన్నాడు, వాడు సంతకం పెట్టినా తప్పేముంది, వాడు ఇంటికి వస్తాడు కదా అని. అక్క ముద్ద కింద పెట్టి, రాడు, ఆ కాగితం మీద వాడు బయటికి వస్తాడని ఎక్కడ రాసుందో చూపించు అంది. రాసింది రాయి విసిరానని, పెద్దాయన విసరమన్నాడని, అంతే. తరువాతి మంగళవారం ట్యాంకరు పక్కన ఆపి, బావ కూడా వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. జాలీ వెనక చూడలేనన్న మనిషి, గోడని చూస్తూ నిలబడ్డాడు.

కబురు పంపే దారి పెద్దమ్మ కనిపెట్టింది. తన మొగుడు ఉండే గదుల వరస వేరు, పొడుగోడు ఉండే వరస వేరు. ఇద్దరూ ఎదురుపడేది క్షవరం చేయించే రోజే. అయినా ఆవిడ ములాఖత్ గదిలో తన కష్టసుఖాలన్నీ పక్కన పెట్టి, మొగుడి మొహం మీదకి అరిచింది. పొడుగోడికి చెప్పు, వాళ్ళక్క మానలేదు, గేటు దగ్గరే నిలబడుతోంది, వీళ్ళే రానివ్వడం లేదు, ఆ కాగితం ముట్టుకోవద్దని చెప్పు అని. ముసలాయన తలూపాడు. బయటికి వచ్చి పెద్దమ్మ, నా బతుకులో మా ఆయన నా మాట విన్నది ఇదే మొదటిసారి అంది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ముసలాయన మాట నిలబెట్టుకున్నాడు. క్షవరం రోజు వరసలో నిలబడి పొడుగోడి చెవిలో వేశాడు. కానీ ఆ రోజు పొద్దున్నే కంపెనీ వకీలు వచ్చి వెళ్ళిపోయాడు.

ఇదేమీ బయట నిలబడ్డవాళ్ళకి తెలీదు. మరుసటి మంగళవారం అక్క గోడ దగ్గరికి నడుస్తుంటే కళ్ళజోడే కిటికీలోంచి పిలిచాడు. నీకు అనుమతి వచ్చింది, లోపలికి వెళ్ళు అన్నాడు. అక్క గబగబా కదిలింది. రెండు అడుగులు వేసి ఆగిపోయింది. ఇన్నాళ్ళు ఎంత మొత్తుకున్నా తెరుచుకోనిది అడక్కుండా ఎందుకు తెరుచుకుంది. పెద్దమ్మ మొహం చూసింది. పెద్దమ్మకీ అదే అనుమానం వచ్చింది.

పొడుగోడు జాలీ అవతల నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి నడుము మీద ఉంది, పాత ప్యాంటే, అక్క కుట్టింది వాడికి ఇవ్వనే లేదు. తల గొరిగిన కొత్తలో చెవులు పెద్దవిగా, చిన్నప్పటి మొహంలా ఉంది. అక్కని చూసి దగ్గరికి రాలేదు.

"నువ్వు మానేశావన్నారు," అన్నాడు. వాడు అరవలేదు. పెదాలు చూసి అర్థం చేసుకుంది. ఆ రోజు చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఎందుకో గొంతు తగ్గించారు.

మొదట నమ్మలేదట. జ్వరమొచ్చి ఉంటుంది అనుకున్నాడట. తరువాత బస్సు దొరకలేదేమో అనుకున్నాడట. ఆ తరువాత బావ వద్దన్నాడేమో అని. అక్క తరఫున తనే సాకులు వెతికి వెతికి, సాకులు అయిపోయాక సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం ముసలాయన వచ్చి చెవిలో చెబితే క్షవరం కుర్చీలో కూర్చునే ఏడ్చాడట, మంగలి కత్తి తగిలిందా అని అడిగాడట.

విడుదల మాట అడిగింది అక్క. వాడు తల అడ్డంగా ఊపాడు. నేరం ఒప్పుకున్నవాణ్ణి ఎలా వదులుతారు అన్నారట ఇప్పుడు. అన్నది ఆ కంపెనీ వకీలేనట. సంఘం పెద్దాయన్ని తెచ్చి వాడి వరసలోనే వేశారు.

"నీళ్ళ దగ్గర కనిపిస్తాడక్కా. నన్నేమీ అనడు. బకెట్ నిండాక పక్కకి జరిగి నాకు చోటిస్తాడు. రెండు తగిలించినా బాగుండేది."

అక్క జాలీలో వేళ్ళు పెట్టి పట్టుకుంది. తిట్టలేదు. తప్పు వాడిది కాదని చెప్పే ఓపిక కూడా లేదు, చెప్పినా వాడు వినడు. తను ఆ రోజు వేసిన కొలత తప్పని మాత్రం తెలిసింది. తన చేతిలో లేని దాన్ని తాడు చేసి వాడికి ఇచ్చింది. వాళ్ళు కత్తిరించగలిగిన చోట ముడి వేసింది. గుడ్డ వదలకుండా ఎప్పుడూ కోయని మనిషి, ఆ ఒక్క మాటలో కొంచెం కూడా వదలకుండా కోసేసింది. వార్డరు కర్ర తీస్తున్నాడు. వినాల్సినవాళ్ళందరూ వినేట్టు అరిచింది.

"విను. ఇంక మీదట నేను కనపడకపోతే, వీళ్ళు ఆపారని అర్థం. మానేశానని కాదు. ఎప్పటికీ కాదు. ఎవరు ఏం చెప్పినా, నేను చచ్చానన్నా నమ్మకు, గోడ బయట ఉంటాను. వాయిదా రోజు నోరు విప్పి జడ్జికి చెప్పు, అబద్ధం చెప్పి సంతకం పెట్టించారని."

"చెబితే నిన్ను మళ్ళీ రానివ్వరు."

"రానివ్వకపోతే పోనీ. నేనన్న మాట గుర్తుపెట్టుకో."

వాడు నడుము మీద చెయ్యి తీసి జాలీ పట్టుకున్నాడు. ప్యాంటు జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. చెప్తాను అన్నాడు. బావ ఏమన్నాడు అని అడిగాడు. బయట గోడ దగ్గర నిలబడ్డాడురా, గోడకి కొలతలు తీస్తున్నాడు, నువ్వు పడుకుంటే ఎక్కడ పగలగొట్టాలో చూస్తున్నాడు అంది అక్క. వాడి మొహంలోకి నవ్వు రాబోయింది. రాలేదు. కానీ రాబోయింది.

ఆ వారం అక్క మళ్ళీ బూడిద రంగు గుడ్డ పరిచింది. బావ చూస్తూ కూర్చుని, ఈసారైనా లోపల ఏమీ వదలకు, ఉన్నంత కోసి పారెయ్ అన్నాడు. అక్క కత్తెర తీసుకుంది. వదలకుండా కోస్తే వాడు ఇలాగే ఉండిపోతాడని ఒప్పుకున్నట్టు. ఇంతే నడుము, ఇంతే మనిషి, ఇక్కడే. ఆవిడ చెయ్యి ఒప్పుకోలేదు. ఎప్పటికంటే ఎక్కువే వదిలింది. వదిలి, ప్యాంటు తిరగేసి కుట్టింది. కుట్లన్నీ బయటికి, వదిలిన గుడ్డంతా బయటికి, వెనకాల రెండు చెవుల్లా లేచి కనపడేట్టు. అంచు మడత కూడా బయటికే. నేర్చుకునే పిల్ల కుట్టినా చెంప పగలగొట్టేలాంటి కుట్టు. జన్మలో అంత అసహ్యమైన బట్ట ఆవిడ చేతి కింద నుంచి పోలేదు.

మంగళవారం కిటికీలో పెట్టింది. కళ్ళజోడు తిప్పి తిప్పి చూశాడు. ఇదేంటి, తిరగేసి కుట్టావు అన్నాడు.

"దాచలేదని చూపిద్దామని. ఇప్పుడు అన్నీ బయటే ఉన్నాయి. ఇదిగో, ఇది వాడు బయటికొచ్చాక విప్పడానికి వదిలిన గుడ్డ. మీరేం దాచారో అదీ బయట పెట్టండి."

అతను ప్యాంటు పక్కన పెట్టాడు. పైవాళ్ళని అడగాలి అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు ముందుకి జరిగారు. మొగుడికి కబురు చేరక ఏడాదిగా తిరుగుతున్న ఒకావిడ, కొడుకు నన్నెందుకు వదిలేశావని రాసిన ఒక్క ముక్క పట్టుకుని తిరుగుతున్న ఒక తండ్రి. నన్నూ ఆపారు, వాడికి చెప్పలేదు, అని ఒకరి తరువాత ఒకరు అనడం మొదలెట్టారు. పెద్దమ్మ ఎక్కడినుంచో ఒక స్టూలు తెచ్చి సరిగ్గా కిటికీ కింద వేసి కూర్చుంది. ట్యాంకరు గేటు పక్కన ఆగి ఉంది. ఎవరూ కదల్లేదు. ప్యాంటు ఇంకా కిటికీలోనే ఉంది, పొడుగోడికి చేరలేదు. వాయిదా తేదీ ఇంకా పడలేదు.

ఇదీ సంగతి. ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తున్నాం, వినండి. ములాఖత్ ఆపితే, ఎందుకు ఆపారో కాగితం మీద రాసి, ఎవర్ని ఆపారో వాళ్ళ చేతికి ఇవ్వండి. ఆపిన రోజే, ఆ పూటే, లోపలున్నవాడి దగ్గరికి వెళ్ళి, మీవాళ్ళు వచ్చారు, మేమే ఆపాం అని నోటితో చెప్పండి. అలా చెప్పకుండా తీసుకున్న సంతకం ఏదైనా సరే చెల్లదని చింపెయ్యండి. మొదట పొడుగోడిది చింపండి. పెద్దాయన్ని ఇంటికి పంపండి. ఫ్యాక్టరీ పై అంతస్తు తలుపుకి ఆ తాళం ఇంకా వేలాడుతూనే ఉంది, దాన్ని తియ్యండి. ఇక పక్కన నిలబడి విన్నవాళ్ళకి ఒక మాట, మీరు ఈ రోడ్డున పోతూ కిటికీ కింద కూర్చున్నవాళ్ళని చూసి తల తిప్పుకునేవాళ్ళయితే, తిప్పుకోకండి. వచ్చి పక్కన కూర్చోండి. రావాల్సింది మంగళవారమే. ఆ ప్యాంటు లోపలికి వెళ్ళేదాకా లేవకండి.